లచ్చమ్మ హద్దులు

మా మేనల్లుడు ఈమధ్యే సర్వే శాఖలో చేరాడు. మొదటి జీతంతో నాకు పంచెల చాపు కొనిపెట్టి, "మామయ్యా, ఇప్పుడు కొలతలన్నీ ఉపగ్రహం చూసుకుంటోంది. మీరు ఆ ఇనప గొలుసు పట్టుకుని అన్నేళ్ళు ఏం చేశారు?" అని అడిగాడు. వెటకారం కాదు, పాపం, తెలియకే అడిగాడు. పంచెలు బాగున్నాయి కాబట్టి నాకూ కోపం రాలేదు. వాడి కోసం, వాడిలా కొత్తగా చేరేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

పదోన్నతుల సంగతి రాయను. వచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగానే వచ్చాయి. ఏ కాగితం ఏ బల్లకి వెళ్ళాలో మీ ఆఫీసు గుమాస్తా నాకంటే బాగా చెబుతాడు. నేను చెప్పేది తొంభైల చివరి మాట. సైబరాబాద్ అనే పేరు జనం నోట ఇంకా సరిగ్గా తిరగని రోజులు. అటువైపు ఒక మండల కార్యాలయంలో నేను సర్వేయర్ని. ఊరి పేరూ ఆఫీసు పేరూ చెప్పను. ఇందులో ఉన్న పెద్ద తప్పు నాదే కనుక వాటితో మీకు పని లేదు.

తాతలు మొలిచిన కాలం

అంతకుముందు ఆ ప్రాంతానికి బదిలీ అయితే బంధువులు జాలిపడేవారు. ఎటు చూసినా గుండ్లనే పెద్ద బండరాళ్ళు, మధ్యమధ్య చెలకలనే మెట్ట చేలు, చెరువు కింద నాలుగు వరి మళ్ళు. హద్దు తగాదా వచ్చిందంటే మేకలు ఎవరి చేలో పడ్డాయన్నదే తగాదా. అలాంటిచోట అద్దాల మేడ ఒకటి లేచింది. అది లేచిన ఏడాదికే అక్కడి ప్రతి బండకీ ఒక వారసుడు పుట్టుకొచ్చాడు. అంతవరకూ తండ్రి తద్దినమే మరిచిపోయినవాళ్ళు ముత్తాత పేరు గడగడా చెప్పడం మొదలుపెట్టారు. పితృభక్తి అంత వేగంగా పెరగడం నేను మరెక్కడా చూడలేదు.

మా ఆఫీసుకి రోజూ వంశవృక్షాలు వచ్చేవి. మా తాత ఇక్కడ వ్యవసాయం చేశాడు, మా ముత్తాత ఇక్కడ బావి తవ్వాడు అంటూ. అందులో నిజమెంతో తేల్చమని ఎమ్మార్వో గారు నాకు పంపేవారు. అలా భూమి కొలిచేవాణ్ణి కాస్తా జనం తాతల్ని కొలవడం మొదలుపెట్టాను. కాగితాల్లో దొరకనిది నేలలో దొరుకుతుందని నాకు అప్పుడే తెలిసింది. బావి ఉందంటే ఒర ఉండాలి, ఒర పోయినా చుట్టూ తవ్విపోసిన మట్టి దిబ్బ ఉండాలి. గుడిసె ఉందంటే బూడిదో పెంకులో ఉండాలి. మనుషులు బతికినచోట నేల ఏదో ఒకటి దాచుకుంటుంది.

ఒకసారి కడప వైపు నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన ఒక కుర్ర వారసుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. చేతిలో కంప్యూటర్లో కొట్టించిన వంశవృక్షం, రంగుల్లో.

"ఈ పిల్లోని జేజినాయన నాటిన మామిడితోట సార్ అది. మూడు తరాలు పండ్లు తినినారు," అన్నాడు.

వెళ్ళి చూస్తే అది చాపలా పరుచుకున్న ఒకటే రాతిబండ. కంపచెట్టు కూడా లేదు. తోటకి నీళ్ళు ఎక్కడివి అని అడిగాను. చెరువు చూపించాడు. చెరువేమో మేం నిలబడ్డచోటికి నాలుగు నిలువుల కింద ఉంది.

"నీళ్ళు గుట్టెక్కి వచ్చేవా?"

"ఏంది సార్, మీరు గూడా! ఆ కాలంలో మనుషులకు కష్టపడే గుణం ఉండె సార్," అన్నాడాయన, ఏమాత్రం తొణక్కుండా.

బండమీద మామిడి పండించిన ఆ తాతగారికి మనసులోనే ఒక నమస్కారం పెట్టి, కుదరదని రాసేశాను. ఎమ్మార్వో గారు ఆ నివేదికని ఆఫీసంతా వినేలా చదివి, "చూశారాండీ, మనిషి అబద్ధమాడినా నేల ఆడదు. మన సర్వేయర్ గారికి నేల భాష వచ్చండీ," అన్నారు. ఆ మాట నా తలకెక్కింది. నిజం చెప్పాలంటే అక్కడి నుంచే నేను చెడిపోయాను.

సోలాపూర్ నుంచి వచ్చిన మనిషి

వానాకాలం వెళ్ళిపోతూండగా ఒకరోజు శాయమ్మ అనే ఆవిడ ఆఫీసుకి వచ్చింది. యాభై దాటిన మనిషి. సోలాపూర్‌లో బీడీలు చుట్టుకుని బతుకుతోంది. ఆరేళ్ళ పిల్లగా తండ్రితో ఇక్కణ్ణించి వెళ్ళిపోయి, తండ్రి పోయాక ఇప్పుడు తిరిగి వచ్చింది. అర్జీలో ఒకటే కోరిక. చెరువు కట్ట కింద ఉన్న పొలాలన్నీ ఒక కంపెనీకి ఇచ్చారు, చదును చేస్తున్నారు. అక్కడెక్కడో తన తల్లి లచ్చమ్మ సమాధి ఉంది, అది ఎక్కడో చూపించాలి. పెత్రమాస నాడు దీపం పెట్టుకుంటుంది. పితృ అమావాస్యని అక్కడ అలా అంటారు. అప్పటికి అది మూడు వారాల్లో ఉంది.

"భూమి మీదేనని కూడా రాయించావా అమ్మా?" అన్నాను, అర్జీ అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"మాకు భూమేడిది సారూ? రాళ్ళు కొట్టనీకి వచ్చినోళ్ళం. ఊరోళ్ళు బండ పక్కన జాగ జూపిన్రు, గుడిసె ఏసుకున్నం. మా అమ్మ గాడ్నే పోయింది, గాడ్నే పెట్టినం. నలబై ఐదేండ్ల సంది ఒక్క దీపం పెట్టినోళ్ళు లేరు."

"గుర్తులేమైనా ఉన్నాయా?"

"నాయిన పోయే ముందు చెప్పిండు. అమ్మ కాడ నిలవడి చెర్వు కట్ట దిక్కు మొకం పెడితే, అలుగు దుంకే సప్పుడు కుడి చెవుకు ఇనొస్తది. పొద్దు గుండు ఎన్క పడ్తది. గా గుండును పగలగొడ్దామని నాయిన ఏడు చిల్లులు కొట్టిండు. గా దినమే అమ్మ పోయింది. ఎనిమిదోది కొట్టలే. గంతే సారూ, ఇంకేం తెల్వది."

అలుగంటే చెరువు నిండినప్పుడు మిగులు నీళ్ళు దూకిపోయేందుకు కట్ట చివర కట్టే రాతి కట్టడం. ఇంతకన్నా మంచి గుర్తులు నాకు ఏ దస్తావేజులోనూ దొరకలేదు. అయినా మేమెవరమూ ఆమెని నమ్మలేదు. భూమి వద్దనే మనిషిని ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో ఎవరు నమ్ముతారు? "ఇవాళ సమాధి అంటుందండీ, రేపు పట్టా అంటుంది. జాగ్రత్తగా చూడండి," అన్నారు ఎమ్మార్వో గారు. నేను నివేదికలో 'ఉండవచ్చు' అన్న ఒక్క మాట రాస్తే చాలు, ఆ వంకతో చదును పని కొన్నాళ్ళు ఆగుతుంది. ఆమెకి కావలసింది ఆ కొన్నాళ్ళే.

చెరువులో సమాధి

జీపులో వెళ్ళాం. ఎమ్మార్వో గారు, నేను, గొలుసు మోసే చైన్‌మన్ ఎల్లయ్య. ఎల్లయ్య ఆ పక్క ఊరివాడు, నాకంటే పెద్దవాడు, పనిలో నాకు గురువు లాంటివాడు. శాయమ్మ మాకంటే ముందే నడిచి వచ్చి కట్టమీద కూర్చుని ఉంది.

కట్ట ఉత్తర దక్షిణాలుగా ఉంది. పడమట చెరువు, తూర్పున పొలాలు. అలుగు దక్షిణం కొసన ఉంది. పొలంలో నిలబడి కట్టవైపు తిరిగాను. అలుగు నా ఎడమచేతికి వచ్చింది. శాయమ్మ కుడి అంది. అలుగు కుడిచేతికి రావాలంటే కట్టకి అవతల నిలబడి ఇటు తిరగాలి. అవతల ఉన్నది నీళ్ళు.

"అంటే ఈవిడ తల్లిని చెరువులో పాతిపెట్టారన్నమాటండీ!" అని ఎమ్మార్వో గారు నవ్వారు. నేనూ నవ్వాను. డ్రైవర్ కూడా నవ్వాడు. ఎల్లయ్య గొలుసు చుట్టుకుంటూ తలదించుకున్నాడు.

శాయమ్మ లేచి నిలబడింది. "చెర్వుల ఎట్ల పెడ్తం సారూ? గవ్వే నీళ్ళు ఊరంత తాగుతరు. మేం మన్సులం గాదా?"

ఎమ్మార్వో గారు జీపు వైపు నడిచారు. ఏడు చిల్లుల గుండు కోసం దక్షిణం వైపు కాసేపు తిరిగాను. కనబడలేదు. ఉత్తరం కొసన బుల్డోజర్లు తిరుగుతూ ఎర్రటి దుమ్ము రేపుతున్నాయి. ఆ రోజు వేసుకున్నది కొత్త తెల్లచొక్కా. అటు వెళ్ళలేదు. ఇందులో కప్పిపుచ్చేది ఏమీ లేదు, చొక్కా మాసిపోతుందనే వెళ్ళలేదు.

'అర్జీదారు చెప్పిన గుర్తులు భౌగోళికంగా పొసగవు. వాటి ప్రకారం సమాధి చెరువు గర్భంలో ఉండవలసి వస్తుంది' అని రాశాను. 'భౌగోళికంగా పొసగవు' అన్నమాట నాకు ఎంతో నచ్చింది. ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చదివి వినిపించాను.

గుంటలో ప్లాటు

ఎత్తుపల్లాలు కొలిచే ఉద్యోగం చేస్తూ గుంటలో ప్లాటు కొన్న సర్వేయర్ని ఈ రాష్ట్రం మొత్తమ్మీద నేనొక్కణ్ణే అయివుంటాను. నల్లగండ్ల వైపు, ఎండాకాలంలో చూసి కొన్నాను. వాన పడితే అందులో గేదెలు పడుకునేవి. ఈ సంగతి మా ఆఫీసులోనే కాదు, అక్కడ చదును పని చేయిస్తున్న కాంట్రాక్టరుకీ తెలుసు.

"సారూ, మీ ప్లాటు గుంటల ఉన్నదంట గద. ఈడ మట్టి ఊకెనే పారబోస్తున్నం. జర అటు దిక్కు కొట్టిస్తలే, ఫికర్ చెయ్యకు," అన్నాడు, నేను నివేదిక ఇచ్చిన రెండో రోజునే.

వద్దని నేను అనలేదు. నోట్ల కట్ట అయితే లంచం, మట్టి అయితే మర్యాద అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మర్యాద ఎందుకు చేస్తున్నాడో ఆలోచించలేదు. ఆలోచించలేదని ఇప్పుడు రాస్తున్నాను గానీ, ఆలోచించకుండా ఉండడానికి ఆ రోజుల్లో చాలా కష్టపడ్డాను. ఇరవై లారీల మట్టి వచ్చి పడింది. గుంట నిండి రోడ్డు కంటే ఎత్తయింది.

ఆ ఆదివారం మా ఆవిడ పూలకుండీల కోసం కాస్త మట్టి జల్లించుకుంటానని ప్లాటుకి వచ్చింది. కాసేపటికి నన్ను పిలిచింది.

"ఏవండీ, ఇది పొలం మట్టేనంటారా? అన్నీ గులకరాళ్ళే వస్తున్నాయండీ. ఇదిగో, నత్తగుల్లలు కూడా."

చేతిలోకి తీసుకుని చూశాను. నున్నగా గుండ్రంగా ఉన్నాయి. నీళ్ళు ఏళ్ళ తరబడి దొర్లిస్తే తప్ప రాయి అలా తయారవదు. లారీ డ్రైవరు అక్కడే ఉంటే ఇది ఎక్కడి మట్టి అని అడిగాను. "కట్ట కింద, ఉత్తరం మూల సార్," అన్నాడు. ఉత్తరం మూల వాగు లేదు. అలుగు దక్షిణాన ఉంటే ఉత్తరాన నీళ్ళు ఎక్కణ్ణించి దొర్లాయి? ఆ గులకరాయి పట్టుకుని ఉన్నచోటే కూర్చుండిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఉత్తరం మూల నీళ్ళెక్కడివని ఎల్లయ్యని అడిగాను.

"గాడ్నే ఉండె సారూ, పాత అలుగు," అన్నాడు, ఇందులో వింతేముందన్నట్టు. "నేను చిన్నగున్నప్పుడు పెద్దవాన కొట్టి కట్ట తెగింది. మల్ల గట్టినప్పుడు అలుగును ఇటు దిక్కు మార్చిన్రు."

"మరి ఆ రోజు నోరు విప్పలేదేం?"

"మీరు అడగలే గద. పెద్ద సార్లు నవ్వవడ్తిరి, నడుమల నేనేం మాట్లాడుదు?"

ఇదీ నేను మీకు చెప్పదలచుకున్న పాఠం. శాయమ్మ చెప్పింది ఆమె తండ్రి చూసిన చెరువు. నేను కొలిచింది ఆ రోజు నా ఎదురుగా ఉన్న చెరువు. చెరువులు కూడా మారతాయి, అలుగులు చోటు మారతాయి, మనిషి మాత్రం తను చూసిందే చెబుతాడు. మన ముందున్న నేలతో మాట పొసగకపోతే మనిషిది అబద్ధమని రాసే ముందు, నేల ఎప్పుడైనా మారిందా అని పక్కవాణ్ణి అడగండి. ఆ పక్కవాడు మీ గొలుసే మోస్తూ ఉండవచ్చు.

ఏడు చిల్లులు

శాయమ్మ ఇంకా వెళ్ళిపోలేదు. ఆ కంపెనీ పనిలోనే కూలీలకి వంట చేస్తూ, పెత్రమాస వరకు ఉంటానని ఒక రేకుల షెడ్డులో ఉంటోందని ఎల్లయ్య కనుక్కొచ్చాడు. ముగ్గురం కలిసి ఉత్తరం కొసకి వెళ్ళాం. ఈసారి పాత చొక్కా వేసుకున్నాను.

గుండు ఉంది. కంపెనీ ఇంజనీరుకి అది చూడముచ్చటగా అనిపించి ఉంచేయమన్నాడట. పక్కన ఫౌంటెన్ పెడతారట. చుట్టూ నేలని నిలువెత్తు లోతున తవ్వేయడంతో గుండొక్కటే మట్టి దిమ్మెమీద మిగిలింది. దాని తూర్పు వైపు, సమాధి ఉండవలసినచోట, ఖాళీ గాలి ఉంది.

శాయమ్మ ఆ దిమ్మె ఎక్కి గుండుని తడిమింది. చిల్లులు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కదాంట్లో వేలు పెట్టి పైకే లెక్కపెట్టింది. ఏడు. ఏడో చిల్లు తరవాత నున్నటి రాయి మీద అరచెయ్యి ఆనించింది. ఎనిమిదోది ఉండాల్సిన చోటది. అప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇంతకాలమైనా తగ్గలేదు.

తరవాత కిందికి చూసింది.

"ఈడి మట్టి ఏడికి వోయింది సారూ?"

తెలియదు అంటే సరిపోయేది. వందల లారీలు వందచోట్లకి వెళ్ళాయి, అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు. ఎల్లయ్య నావైపు చూడలేదు. ఈసారి కూడా నేను అడిగితే తప్ప మాట్లాడేట్టు లేడు.

"మా ఇంటికి పోయిందమ్మా," అన్నాను.

పెత్రమాస నాడు పొద్దున ఆమెని ప్లాటుకి తీసుకెళ్ళాను. మట్టిమీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. "గిదంత అమ్మనేనా?" అంది. ఇందులో ఎక్కడో అన్నాను. అది కొలిచి చెప్పడానికి నా దగ్గర గొలుసూ లేదు, నక్షా లేదు. ఆమె ఈశాన్యం మూలకి వెళ్ళి కూర్చుంది. గులకరాళ్ళు ఎక్కువగా కుప్పపడ్డది అక్కడే.

మాతో వచ్చిన మా ఆవిడ సంగతి తలుచుకుని లోలోపల భయపడుతున్నాను. భూమిలో ఎముక ముక్క ఉన్నా ఇల్లు కట్టకూడదని వాళ్ళ పుట్టింట్లో గట్టి పట్టింపు. మా వాస్తు సిద్ధాంతి గారైతే ఆ ఈశాన్యాన్నే చూసి, ఇంత పవిత్రమైన మూల ఈ కాలనీలోనే లేదని చెప్పి వెళ్ళారు. నేను నీళ్ళు నములుతూ జరిగిందంతా చెప్పాను. ఆవిడ విని శాయమ్మ వైపు చూసింది.

"మట్టి మనం అడక్కుండా తెచ్చుకున్నామండీ. ఆవిడ అడిగి దీపం పెట్టుకుంటానంటోంది," అని, గాలికి దీపం ఆరిపోకుండా కొంగు అడ్డం పెట్టి శాయమ్మ పక్కన కూర్చుంది.

కాగితం

నివేదిక దిద్దుకుంటానని ఎమ్మార్వో గారి దగ్గరకి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. అంతా విని, పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఆ ఫైలు మూసేశామండీ. ఇప్పుడావిణ్ణి చెరువులోంచి బయటికి తీస్తే, లోపల పెట్టిందెవరని అడుగుతారు. మీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు."

పట్టుబట్టి ఉండవలసింది. పట్టుబట్టలేదు. మట్టి సంగతి బయటికొస్తుందన్న భయం కూడా ఉంది. కాబట్టి ప్రభుత్వ లెక్కల్లో లచ్చమ్మ ఇప్పటికీ చెరువులోనే ఉంది. రికార్డుని గౌరవించండి, కానీ దాన్ని రాసినవాడు నాలాంటివాడే అయివుండవచ్చని గుర్తుపెట్టుకోండి.

సోలాపూర్ వెళ్ళే ముందు శాయమ్మ మేం అద్దెకున్న ఇంటికి వచ్చింది.

"నా బిడ్డలు నమ్మరు సారూ. అమ్మమ్మ ఏడున్నదంటే ఏం చెప్పాలె? కాయితం రాసియ్యి."

తెల్లకాగితం తీసి రాశాను. ముద్ర లేదు, నంబరు లేదు. లచ్చమ్మ, రాళ్ళు కొట్టే వృత్తి, ఫలానా ఊరు, ఫలానా గుండు పక్క నుంచి ఇక్కడికి. తూర్పు హద్దు ప్రహరీ గోడ. ఉత్తరం హద్దు వీధి. పడమర హద్దు నీళ్ళ సంపు. దక్షిణం హద్దు సర్వేయరు గారి వంటిల్లు. ఇల్లు ఇంకా కట్టలేదు గానీ, ఆ మూల వదిలేసి గీయించిన ప్లాను నా దగ్గర ఉంది. కింద సంతకం పెట్టాను. నా ఉద్యోగం మొత్తంలో పూర్తిగా నిజమని సంతకం పెట్టిన కాగితాల్లో అదొకటి.

రెండుసార్లు చదివించుకుని విన్నది. మడిచి రొంటిన దోపుకుంది.

"హద్దుల్ల నీ ఇల్లు గూడ రాసినవు గద. ఇగ జరుపకు సారూ," అంది.

తరవాత ఇల్లు కట్టాం, రెండుసార్లు మార్పులు చేశాం. కారు పెట్టుకోవడానికి ఆ మూల బాగుంటుందని మా అబ్బాయి అన్నాడు. కారు వీధిలోనే ఉంటోంది. శాయమ్మ ఏటా వచ్చేది. ఇప్పుడు ఆమె లేదు, ఆమె కూతురు వస్తోంది. రాగానే సంచిలోంచి నేను రాసిన కాగితం తీస్తుంది. గోడ, వీధి, సంపు, వంటిల్లు, నాలుగూ ఒక్కొక్కటే చూసుకుంటుంది. నేను గుమ్మంలో నిలబడి ఉంటాను. హద్దులన్నీ సరిపోయాయని తేల్చుకున్నాకే దీపం వెలిగిస్తుంది.